నష్టమొస్తే ఎవరిది? 1800ల మొదట్లో ఆడవాళ్ల రచనలు, లండన్ పుస్తకాల వ్యాపారం

1803లో లండన్‌లో బెంజమిన్ క్రాస్బీ అనే పబ్లిషర్ ఒక నవల రాతప్రతిని 10 పౌండ్లకు కొన్నాడు. నవల పేరు ‘సుసాన్’. త్వరలో వస్తోందని ప్రకటన కూడా వేశాడు, కానీ అచ్చు మాత్రం వెయ్యలేదు. ఆరేళ్లు ఓపిక పట్టి 1809 ఏప్రిల్‌లో ఆ రచయిత్రి మిసెస్ ఆష్టన్ డెనిస్ అనే మారుపేరుతో ఉత్తరం రాసింది. రాతప్రతి మీ దగ్గర పోయిందేమో, పోతే ఇంకో కాపీ పంపిస్తాను, మీకు వేసే ఉద్దేశం లేకపోతే వేరేవాళ్ల దగ్గర వేయించుకుంటాను అని. మూడు రోజుల్లో జవాబొచ్చింది: ఫలానా తేదీలోగా వేస్తామని మేం రాసివ్వలేదు, అసలు వేసి తీరాలన్న షరతే లేదు, ఇంకెక్కడైనా వేయిస్తే కోర్టుకెళ్లి ఆపిస్తాం, కావాలంటే అదే 10 పౌండ్లు కట్టి తీసుకుపోండి. ఆమె అప్పుడు కట్టలేదు. 1816లో ఆమె అన్న హెన్రీ వెళ్లి ఆ పది పౌండ్లూ కట్టి విడిపించాడు. ఆ రచయిత్రి జేన్ ఆస్టెన్. ఆ నవల ఆమె చనిపోయాక 1817 డిసెంబరులో ‘నార్తాంగర్ యాబీ’ అన్న పేరుతో బయటికొచ్చింది.

ఇలాంటి కథ వినగానే మనం అలవాటుగా మూడు మాటలు అనేస్తాం. ఆ కాలంలో ఆడవాళ్లను రాయనివ్వలేదు, రాసినా అచ్చు వెయ్యలేదు, అందుకే పేర్లు దాచుకున్నారు. మొదటి రెండూ తప్పు. మూడోది సగం నిజం. 1810లలో ఇంగ్లండులో వచ్చిన కొత్త నవలల్లో సగానికి పైగా ఆడవాళ్లవేనని, ఒక్కో పుస్తకాన్నీ వెతికి జాబితాలు కట్టిన పరిశోధకులు తేల్చారు. అంటే తలుపు మూసి లేదు, బార్లా తెరిచే ఉంది. లోపలికి వెళ్లాక ఎవరికి ఎంత మిగిలిందన్నదే అసలు సంగతి, అది తెలియాలంటే ముఖపత్రం మీద పేరుందా లేదా అని కాదు, పుస్తకం అమ్ముడుపోకపోతే నష్టం ఎవరు భరిస్తారని ఒప్పందంలో రాసుకున్నారో చూడాలి. నా మటుకు నాకు ఆ కాలం అర్థమైంది ఈ ఒక్క ప్రశ్నతోనే.

ముందు పుస్తకం తయారవడానికి ఎంతయ్యేదో చూద్దాం, లేకపోతే మిగతా లెక్కలు అర్థం కావు. అప్పటి కాగితం పాత గుడ్డపేలికలతో చేసేది. నెపోలియన్‌తో యుద్ధాల కాలంలో దాని ధర బాగా పెరిగింది, పైగా కాగితం మీద ప్రభుత్వం సుంకం. అచ్చు ఖర్చులో ఒక్కోసారి సగం దాకా కాగితానికే పోయేది. ఆవిరి యంత్రంతో అచ్చు 1814 నవంబరులో ‘టైమ్స్’ పత్రికకు వచ్చింది గానీ నవలలకు అప్పుడే రాలేదు, అవింకా చేత్తో నడిపే ప్రెస్సు మీదే. సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, కొన్ని ఫారాలు కొట్టి, ఆ అక్షరాలు విడగొట్టి తర్వాతి పేజీలకు వాడుకోవాలి. అంటే రెండో ఎడిషన్ వెయ్యాలంటే మళ్లీ మొదటి నుంచి అక్షరాలు పేర్చాల్సిందే, కూలీ మళ్లీ కట్టాల్సిందే. అందుకని పబ్లిషర్లు భయపడుతూ 500, 750, మహా అయితే వెయ్యి కాపీలు కొట్టేవారు.

ధర కూడా అలాగే ఉండేది. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మూడు సంపుటాలూ కలిపి 18 షిల్లింగులు. 20 షిల్లింగులు ఒక పౌండు. ఇంటి పనిమనిషికి తిండీ బసా పోను ఏడాదికి పది పౌండ్లు ముట్టడమే గొప్ప అనుకునే రోజులవి. కాబట్టి మామూలు కుటుంబాలు నవలలు కొనేవి కావు, అద్దెకు తెచ్చుకునేవి. ఏడాది చందా కట్టిన వాళ్లకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు ప్రతి ఊళ్లోనూ, సముద్రతీరంలో జనం గాలి మార్పుకి వెళ్లే ఊళ్లలో మరీనూ ఉండేవి. నవల మూడు సంపుటాల్లో ఎందుకొచ్చేదో ఇక్కడే తెలుస్తుంది: ఒక కాపీ కొంటే ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చు. మన దగ్గర ఒకప్పుడు బస్టాండు పక్కన అద్దె నవలల షాపులుండేవి కదా, దాదాపు ఆ పద్ధతే, కాకపోతే అక్కడ ఆ షాపుల కోసమే నవలలు తయారయ్యేవి.

ఈ వ్యాపారాన్ని బాగా పట్టినవాడు విలియం లేన్. కోళ్లమ్ముకునే ఇంట్లో పుట్టి, లండన్ లెడెన్‌హాల్ వీధిలో మినర్వా ప్రెస్ పెట్టి, నవలలు అచ్చువేసి, తన లైబ్రరీలోనే అద్దెకిచ్చి, ఊళ్లలో కొత్తగా లైబ్రరీ పెట్టుకుంటామన్నవాళ్లకు వంద సంపుటాల నుంచి పదివేల దాకా సిద్ధంగా సర్ది పంపిస్తానని ప్రకటనలిచ్చాడు. కిరాణా కొట్టువాడు కూడా ఒక మూల లైబ్రరీ పెట్టుకోవచ్చన్నమాట. ఈ యంత్రానికి నిత్యం కొత్త నవలలు కావాలి, రాసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇచ్చేది ఐదు పౌండ్ల నుంచి ముప్ఫై దాకా, ఒకేసారి, కాపీరైట్ మొత్తానికి. ఎలిజా పార్సన్స్ అనే ఆవిడ భర్త పోయాక పిల్లల్ని పెంచడానికి వరసగా నవలలు రాసింది. అప్పుల కేసులో ఇరుక్కుని, కష్టాల్లో ఉన్న రచయితలకు సాయం చెయ్యడానికి 1790లో పెట్టిన లిటరరీ ఫండ్‌కు అర్జీలు పెట్టుకుంది. ఆ నవలలు పాఠకుల చేతుల్లో అట్టలూడేదాకా తిరిగాయి. డబ్బు మాత్రం లైబ్రరీ యజమానికే, ఎందుకంటే ఆవిడ మొదటి రోజే మొత్తం అమ్మేసింది.

ఇక ఒప్పందాలు. కాపీరైట్ ఏకంగా అమ్మేస్తే డబ్బు వెంటనే చేతికొస్తుంది, నష్టం పబ్లిషర్‌ది, లాభమొచ్చినా పబ్లిషర్‌దే. కమిషన్ మీద వేయిస్తే కాగితం, అచ్చు, ప్రకటన ఖర్చంతా చివరికి రచయితదే, పబ్లిషర్ అమ్మకం మీద పదో వంతు తీసుకుంటాడు, మిగిలితే రచయితకు, మిగలకపోతే రచయితే ఎదురు కట్టాలి. లాభాల్లో సగం సగం అనే పద్ధతి ఇంకోటి, అందులో ఖర్చుల లెక్క రాసేది పబ్లిషరే కాబట్టి సగం అంటే ఎంతో ఆయన పుణ్యం. నాలుగోది ముందుగా చందాలు పోగుచెయ్యడం. ఫానీ బర్నీ 1796లో ‘కమిల్లా’కు ఇలాగే ఒక్కొక్కరి దగ్గర ఒక గినీ తీసుకుంది, అంటే 21 షిల్లింగులు. వెయ్యి మందికి పైగా కట్టారు, ఆ జాబితాలో ఇరవై ఏళ్ల జేన్ ఆస్టెన్ పేరు కూడా ఉంది. ఆ తర్వాత కాపీరైట్ విడిగా 1,000 పౌండ్లకు అమ్మి, ఆ డబ్బుతో బర్నీ ఇల్లు కట్టుకుంది. ‘ఎవెలీనా’ అనే మొదటి నవలకు 1778లో ఆమెకొచ్చింది 20 గినీలు మాత్రమే అని గుర్తుపెట్టుకుంటే బేరం నేర్చుకోవడమంటే ఏంటో అర్థమవుతుంది.

ఆస్టెన్‌కి ఆ బేరం నేర్చుకునే టైం దొరకలేదు, ఆమె ఖాతా చూస్తే బాధేస్తుంది. తొలి ప్రయత్నం 1797లో నాన్న చేశాడు. కాడెల్ అనే పెద్ద పబ్లిషర్‌కి ఉత్తరం రాస్తే, రాతప్రతి చూడకుండానే వద్దని తిప్పి పంపారు (తర్వాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయింది ఆ రాతప్రతే). రెండో ప్రయత్నం క్రాస్బీ. మూడోసారి 1811లో థామస్ ఎగర్టన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని కమిషన్ మీద వేశాడు. మొదటి పేజీలో రచయిత పేరు లేదు, ఒక మహిళ రాసినది అని మాత్రం ఉంది. అందరూ చెప్పుకునేది ఆ పేజీ గురించే. నేనైతే దాని వెనకున్న ఒప్పందం గురించి ఎక్కువ ఆలోచిస్తాను. తనకంటూ ఆదాయం దాదాపు లేని 35 ఏళ్ల పెళ్లికాని మనిషి, నూటయాభై పౌండ్లకు తగ్గని ఖర్చుకి తాను పూచీ పడింది. నష్టం వస్తుందనే అనుకుని, ఆ నష్టం పూడ్చడానికి తన కొద్దిపాటి డబ్బులో కొంత పక్కన పెట్టుకుందని హెన్రీ తర్వాత రాశాడు. నష్టం రాలేదు. 1813 వేసవికల్లా ఎడిషన్ మొత్తం పోయింది, 140 పౌండ్లు మిగిలాయి.

కానీ ఆ ఫలితం తెలియక ముందే, 1812 చివర్లో, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కాపీరైట్‌ని ఎగర్టన్‌కి అమ్మేసింది. 150 అడిగింది, 110 ఇచ్చాడు. మళ్లీ టెన్షన్ పడటం ఇష్టం లేకపోయింది, పూచీ వద్దనుకుంది, ఎవరికైనా అనిపించేదే. పుస్తకం అదే ఏడాది రెండో ఎడిషన్‌కి వెళ్లింది, 1817లో మూడోది. ఆ రెండింటిలో ఆమెకు ఒక్క పెన్నీ లేదు. కమిషన్ మీదే ఉంచుకుని ఉంటే మూడు నాలుగింతలు వచ్చేవని లెక్కగట్టినవాళ్లున్నారు.

ఆ దెబ్బతో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ని (1814) మళ్లీ కమిషన్ మీద వేయించింది, ఆరు నెలల్లో అమ్ముడుపోయి 300 పౌండ్ల పైన వచ్చింది, ఆమె బతికుండగా ఒక్క పుస్తకం మీద ఎక్కువ సంపాదించింది అదే. ఎగర్టన్ రెండో ఎడిషన్ వెయ్యనన్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఉత్తరంలో, జనం కొనడం కంటే అరువు తెచ్చుకుని మెచ్చుకోవడానికే ఎక్కువ ఇష్టపడతారని, పొగడ్త తనకీ ఇష్టమే గానీ డబ్బు కూడా ఇష్టమేనని రాసింది. ఇంట్లో చిన్న బల్ల దగ్గర కూర్చుని ఎవరికీ కనపడకుండా సరదాకి రాసుకునేదన్న బొమ్మ ఒకటి ఆమె కుటుంబం తయారుచేసి పెట్టింది కదా, ఆ బొమ్మకీ ఈ ఉత్తరానికీ పొసగదు.

అప్పుడు జాన్ మర్రే రంగంలోకి వచ్చాడు. బైరన్ కవితలు వేసే పెద్ద పబ్లిషర్. ‘ఎమ్మా’తో పాటు ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ కాపీరైట్లు మూడూ కలిపి 450 పౌండ్లు ఇస్తానన్నాడు. దొంగే గానీ మర్యాదస్తుడైన దొంగ అని ఆమె అతని గురించి ఒక ఉత్తరంలో రాసింది. చెల్లెలి తరఫున హెన్రీ, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఒక్కో చిన్న ఎడిషన్ మీదే రెండూ కలిపి అంతకంటే ఎక్కువ సంపాదించాం, ఇదేం బేరం అన్నాడు. చివరికి 1815 డిసెంబరులో ‘ఎమ్మా’ కమిషన్ మీద 2,000 కాపీలు వచ్చింది. దాంతోపాటే మర్రే ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ రెండో ఎడిషన్ 750 కాపీలు వేశాడు, అదీ ఆమె ఖర్చు మీదే. కొనాల్సిన లైబ్రరీలు రెండేళ్ల కిందటే మొదటి ఎడిషన్ కొనేశాయి, ఇక దీన్ని ఎవరు కొంటారు? ‘ఎమ్మా’ మీద 221 పౌండ్ల లాభం, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ మీద 182 పౌండ్ల నష్టం, మర్రే ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 38 పౌండ్ల 18 షిల్లింగులకు చెక్కు రాశాడు. 1817 ఫిబ్రవరిలో చెక్కు వచ్చింది, జూలైలో ఆమె చనిపోయింది. ఆ 450 తీసుకుని ఉంటే బతికుండగా చేతిలో ఎక్కువ ఉండేది. అదే ఇందులో చిక్కు: కాపీరైట్ అమ్మితే ఒకసారి నష్టపోయింది, అమ్మకపోతే ఇంకోసారి నష్టపోయింది. మర్రే మోసం చెయ్యలేదు, లెక్క లెక్కే, కానీ ఆ పూచీ మొయ్యడానికి వెనక ఆస్తి ఉండాలి, 1816 మార్చిలో హెన్రీ బ్యాంకు దివాలా తీశాక ఆ ఇంట్లో అది కూడా లేదు.

ఆడవాళ్లందరికీ ఇంతే అనుకుంటే మళ్లీ తప్పు. ఐర్లండులో ఉండి రాసిన మరియా ఎడ్జ్‌వర్త్‌కి 1814లో ఒక్క ‘పేట్రనేజ్’ నవలకే 2,100 పౌండ్లు ముట్టాయి. జీవితమంతా కలిపి రాతల మీద 11,000 పౌండ్ల పైన సంపాదించింది. అదే ఏడాది ఫానీ బర్నీ ‘ది వాండరర్’ మొదటి ఎడిషన్‌కి లాంగ్‌మన్ సంస్థ 1,500 పౌండ్లు ఒప్పుకుంది, పేరు చూసి జనం ఎగబడి మొదటి ఎడిషన్ కొనేశారు, చదివాక నచ్చలేదు, రెండో ఎడిషన్‌లో మిగిలినవి తుక్కు కింద పోయాయి. స్కాట్లండులో సుసాన్ ఫెరియర్‌కి 1818లో మొదటి నవలకు 150, 1824లో రెండోదానికి 1,000, 1831లో మూడోదానికి 1,700. ఈ ఫెరియర్ పుస్తకాల మీద పేరు లేదు. పేరు లేకపోవడానికీ డబ్బు రాకపోవడానికీ ముడిపెట్టేవాళ్లు ఈ మూడు అంకెలనూ ఒకసారి చూడాలి.

అసలు పేరు సంగతి కొస్తే, ఆ రోజుల్లో నవల మీద తమ పేరు వేయించుకోకపోవడం మగవాళ్లకూ మామూలే. వాల్టర్ స్కాట్ 1814లో ‘వేవర్లీ’ మొదలుపెట్టి 1827 దాకా తన నవలలు తనవని బయట ఒప్పుకోలేదు. ఒక మహిళ రాసినది అన్న మాట దాపరికం కంటే ప్రకటనగానే ఎక్కువ పనిచేసేది, ఆడపిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వొచ్చన్న హామీ అందులో ఉంది. ఆస్టెన్ పేరు కూడా లోపలివాళ్లకు తెలుసు. ‘ఎమ్మా’ని ప్రిన్స్ రీజెంట్‌కు, అంటే రాజు బదులు పాలిస్తున్న యువరాజుకు, అంకితమివ్వమని అంతఃపురం నుంచే కబురొచ్చిందంటే ఏం దాగినట్టు?

పేరు దాచుకోవడం వేరు, పేరు పోవడం వేరు, నిజంగా గొడవపడాల్సింది రెండోదాని గురించి. పాత తరం మన దగ్గర ఇంగ్లీషు నాన్-డిటైల్‌గా చదువుకున్న షేక్‌స్పియర్ కథలు గుర్తున్నాయా, లాంబ్ పేరుతో ఉండేవి? 1807లో విలియం గాడ్విన్ దంపతులు నడిపిన పిల్లల పుస్తకాల సంస్థ వేసింది. ఇరవై కథల్లో పద్నాలుగు మేరీ లాంబ్ రాసింది, ఆరు తమ్ముడు చార్లెస్ రాశాడు. పుస్తకం మీద చార్లెస్ పేరొక్కటే వేశారు. మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఇంకో రకం. ఇద్దరు పబ్లిషర్లు కాదన్నాక లాకింగ్టన్ సంస్థ 1818 జనవరిలో 500 కాపీలు వేసింది, పేరు లేకుండా, ముందుమాట భర్త పెర్సీ షెల్లీది, అంకితం తండ్రి గాడ్విన్‌కు. ఇంకేముంది, రాసింది షెల్లీయే అనుకుని వాల్టర్ స్కాట్ అంతటివాడు రివ్యూ రాసేశాడు. 1823లో ఆ కథ నాటకంగా ఆడి జనం నోళ్లలో పడ్డాక వచ్చిన రెండో ఎడిషన్‌లో గానీ మేరీ షెల్లీ పేరు ఎక్కలేదు.

డబ్బు విషయంలో పబ్లిషర్ కంటే గట్టి అడ్డంకి ఇంట్లోనే ఉండేది, దాని పేరు పెళ్లి. ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ సంపాదన భర్తది. ఒప్పందం మీద ఆమె సంతకం చెల్లదు. షార్లెట్ స్మిత్ భర్త అప్పులు చేసి 1783లో జైలుకెళితే ఆవిడా కొన్ని నెలలు ఆయనతో పాటు అక్కడే ఉంది, 1784లో తన సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) అచ్చువేయించి ఆ డబ్బుతో గండం గట్టెక్కే దారి చూసింది. 1787లో విడిగా వచ్చేసింది. పన్నెండు మంది పిల్లల్ని కన్న మనిషి, పదేళ్లలో పది నవలలు రాసింది, ఒక సంపుటానికి 50 పౌండ్ల లెక్కన, సంపుటాలు ఎక్కువైతే డబ్బెక్కువ కాబట్టి కథలు సాగాయి కూడా. విడిపోయాక కూడా భర్తకు ఆ డబ్బు మీద హక్కుంది, వచ్చి పట్టుకుపోయేవాడు. అందుకే పెళ్లికాని ఆస్టెన్, ఎడ్జ్‌వర్త్, ఫెరియర్ల పద్దుల్ని పెళ్లయినవాళ్ల పద్దులతో పోల్చేటప్పుడు కాస్త ఆగి ఆలోచించాలి. కారొలైన్ నార్టన్ 1836లో భర్తకు దూరమైన తర్వాత కూడా ఆమె రాతల సంపాదన ఎంతో తేల్చమని ఆయన 1853లో ఆమె పబ్లిషర్లను కోర్టుకు పిలిపించాడు. ఆవిడ ఊరుకోలేదు, రాణికి బహిరంగ లేఖే అచ్చువేసింది. 1870లో వచ్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, కూలితో పాటు సాహిత్య, కళా, శాస్త్ర నైపుణ్యంతో భార్య సంపాదించుకున్నది ఆమెదే అని విడిగా రాసింది. సాహిత్యం అన్న మాట చట్టంలోకి ఊరికే రాలేదు.

రివ్యూల గురించి కొంచెం చెప్పి వదిలేస్తాను. మర్రే 1809లో ‘క్వార్టర్లీ రివ్యూ’ పెట్టాడు. తన పబ్లిషింగ్ నుంచి వచ్చిన ‘ఎమ్మా’ మీద తన పత్రికలోనే స్కాట్ చేత రాయించాడు, అది ఆస్టెన్‌కు మేలు చేసింది (‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ ఊసెత్తలేదని ఆమె కొంచెం నొచ్చుకుంది). అదే పత్రిక 1812లో అన్నా బార్బాల్డ్ మీద విరుచుకుపడింది. ఆవిడ యాభై సంపుటాల బ్రిటిష్ నవలల సంకలనానికి సంపాదకురాలు, దేశం యుద్ధంతో దిగజారిపోతోందని ఒక దీర్ఘకవిత రాసింది, క్రోకర్ అనే విమర్శకుడు ఆ ముసలావిడ అల్లిక సూదులు వదిలి రాజకీయాల్లోకి ఎందుకొచ్చిందన్నట్టు వెక్కిరించాడు. ఆ తర్వాత ఆవిడ అలాంటి పెద్ద రచన మళ్లీ అచ్చుకివ్వలేదు. ఆడవాళ్లు నవల రాస్తే పర్లేదు, ప్రభుత్వం మీద రాస్తే మాత్రం వయసు గుర్తుచేస్తారు.

1820లలో గాలి మారింది. స్కాట్ నవలలతో నవల గౌరవప్రదమైన, లాభసాటి సరుకైంది. 1821లో ఆయన ‘కెనిల్‌వర్త్’ ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు పెడితే తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. కొత్త నవలల్లో మగవాళ్ల లెక్క ఆడవాళ్లను దాటింది. ఎవరో ఆడవాళ్లను తరిమారని కాదు, డబ్బున్న చోటికి మగవాళ్లు వచ్చారు. ఆడవాళ్లకు ఇంకో తలుపు తెరుచుకుంది: 1822 చివర్లో ఆకర్‌మన్ మొదలుపెట్టిన వార్షిక సంచికలు. పట్టు అట్ట, ఉక్కు పలకల మీద చెక్కిన బొమ్మలు, పండక్కి బహుమతిగా ఇచ్చుకోవడానికి. ఇందులో ముందు బొమ్మ తయారవుతుంది, తర్వాత బొమ్మకు తగ్గట్టు పద్యం రాయాలి. ఎల్.ఇ.ఎల్. అనే పొడి అక్షరాలతో పేరు తెచ్చుకున్న లెటీషియా లాండన్, 1824లో ఒక్క పుస్తకానికి 300 పౌండ్లు తీసుకున్న మనిషి, ఫిషర్ అనే సంస్థ వార్షికకు ఏటా ఒంటి చేత్తో ఇలా పద్యాలు నింపింది. భారతదేశం దృశ్యాల చిత్రాలు అందులో చాలా ఉండేవి. గోల్కొండ రాజుల సమాధుల బొమ్మ వచ్చింది, ఎప్పుడూ ఇటు రాని ఆవిడ లండన్‌లో కూర్చుని కుతుబ్‌షాహీల మీద పద్యం రాసింది. బొమ్మలు అందం కోసం ఎంచుతారు తప్ప పద్యానికి పనికొస్తాయా అని చూడరని ముందుమాటలోనే అనేసింది కూడా. ఆ మాట నాకు ఆ పద్యాల కంటే ఇష్టం.

1826 జనవరిలో స్కాట్‌తో పాటు ఆయన పబ్లిషర్ కాన్‌స్టబుల్, లండన్‌లో హర్స్ట్ రాబిన్సన్ కలిసి దివాలా తీశాక, ఖరీదైన పుస్తకం మీద నమ్మకం సడలి, చవక ఎడిషన్ల ఆలోచన బలపడింది. రిచర్డ్ బెంట్లీ 1831లో స్టాండర్డ్ నవలల వరస మొదలుపెట్టాడు, నవల మొత్తం ఒకే సంపుటంలో, 6 షిల్లింగులు. ఇది లైబ్రరీ కోసం కాదు, ఇంట్లో కొని పెట్టుకోవడానికి. ఎవరు నిలుస్తారు, ఎవరు పోతారు అన్నది తేల్చినవాటిలో ఈ వరస పెద్దది, ఎందుకంటే మినర్వా నవలల్లో చాలావాటిని మళ్లీ అచ్చువేసినవాడు లేడు.

అందులో తొమ్మిదోది ‘ఫ్రాంకెన్‌స్టైన్’. బెంట్లీ మేరీ షెల్లీ దగ్గర కాపీరైట్ కొని, సవరించి ఇమ్మన్నాడు, ఈ కథ మీకెలా తట్టిందో కొత్త ముందుమాట కూడా రాయమన్నాడు. జెనీవా సరస్సు దగ్గర వానల్లో, బైరన్ అందరినీ దెయ్యాల కథలు రాయమన్న ఆ రాత్రి గురించి మనం చెప్పుకునేదంతా ఎక్కువగా ఆ ముందుమాట నుంచి వచ్చిందే. పబ్లిషర్ అడిగితే రాస్తున్నానని ఆవిడ మొదటి వాక్యంలోనే చెప్పింది.

తర్వాత ఏడాది బెంట్లీ ఆస్టెన్ నవలల కోసం వచ్చాడు. అప్పటికి పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులో వాటికి కొత్త అచ్చు లేదు, మర్రే తన దగ్గర మిగిలిపోయిన ‘ఎమ్మా’ కాపీలు ఐదు వందల పైచిలుకు ఎప్పుడో రెండేసి షిల్లింగులకు వదిలించుకున్నాడు. ఆరు నవలలకూ కలిపి 250 పౌండ్లు అన్నాడు బెంట్లీ. అయితే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కు వీళ్ల దగ్గర లేదు, 110 పౌండ్లకు కొన్న ఎగర్టన్ పోయినా హక్కు ఆయన వారసుల చేతిలోనే ఉంది. వాళ్లకు 40 ఇచ్చి, ఆ నలభైని ఆస్టెన్ అక్క కసాండ్రా, హెన్రీలకు ఇవ్వాల్సిన మొత్తంలోంచి కోసుకుని, 210 పౌండ్లు వాళ్ల చేతిలో పెట్టి 1833లో ఆరింటినీ అచ్చుకెక్కించాడు.